ఎదురింటి గోడ మీద లెన్స్ పరీక్ష

ఆ ఆదివారం పొద్దున్న ఆడిటరు గారి ఇంట్లో వేసుకున్న పథకం చాలా తేలికైనది. టిఫిన్లు కాగానే అత్తగారినీ ఆవిడ ముగ్గురు కూతుళ్లనూ మేడ మీది వసారాలో వరసగా కూర్చోబెట్టి ఒక ఫోటో తీయాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. ఇంత చిన్న పథకాన్ని పాడు చేయాలంటే మనిషికి చాలా పరిజ్ఞానం కావాలి. ఆడిటరు గారికి అది పుష్కలంగా ఉంది.

ఆ నలుగురూ ఒకచోట చేరి ఏళ్లు గడిచాయి. పెద్దకూతురు దూరపు ఊళ్లో ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది. చిన్నకూతురు ఓడలో ఇంజనీరు, ఒకసారి ఎక్కిందంటే నెలల తరబడి నేల మీద కాలు పెట్టదు. అత్తగారు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఎవరింట్లో దిగినా ఆ ఇంటిని వార్డులాగే నడిపిస్తారు. నడిమి కూతురు ఆడిటరు గారి భార్య. తల్లీ కూతుళ్లు నలుగురూ ఉన్న ఫోటో ఇంటి మొత్తానికీ ఒక్కటే ఉంది. అందులో తల్లికి సగం ముఖమే పడింది, చిన్నదానికి కళ్లు మూతపడ్డాయి. "అమ్మతో మేం ముగ్గురం ఉన్నది, పెద్దగా, హాల్లో తగిలించుకునేట్టు ఒక్క ఫోటో తీసిపెట్టండి" అని భార్య అడిగి చాలాకాలమైంది. ఆవిడ మొగుణ్ని నగలు అడగలేదు, మేడలు అడగలేదు. కాపురంలో నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

అడిగిన నెలలోనే ఆయన కెమెరా కొన్నారు. లెన్స్ మాత్రం కొనలేదు. కెమెరాతో పాటు ఇచ్చే లెన్స్ ఏమీ తెలియనివాళ్ల కోసం చేసిందని ఎక్కడో చదివి, అది వద్దన్నారు. ఆ తర్వాత కెమెరాకు సంచి వచ్చింది, పట్టీ వచ్చింది, తుడుచుకునే గుడ్డ వచ్చింది, మూడుకాళ్ల స్టాండు వచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత ఆ ఇంట్లో రోజుకొకసారైనా వినబడేది.

ఆయనకు కావలసింది ఒక జూమ్ లెన్స్. అది చొక్కా జేబులో పట్టాలి. గదిలో నిలబడి తీస్తే గదంతా రావాలి, కొంచెం తిప్పితే వీధి చివర తీగ మీద కూర్చున్న పిట్ట ముక్కు రావాలి. మసక వెలుతురులో పని చేయాలి, బరువు తెలియకూడదు, రోజూ వెంట ఉండాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అనేవాళ్లను లోకం చూసింది గానీ, అవ్వ జేబులో పట్టాలన్న మనిషిని చూడలేదు. ఈ అన్వేషణలో ఆయనకు తోడుగా ఫోన్లో ఒక బృందం ఉండేది. అందులో అందరూ లెన్సుల గురించి రాత్రింబగళ్లు వాదించుకునేవారు. ఎవరూ ఎన్నడూ మనిషిని ఫోటో తీసిన పాపాన పోలేదు. వాళ్లు పెట్టేవన్నీ ఇటుక గోడల ఫోటోలే. ఇటుక వరసలు తిన్నని గీతలు గనుక, లెన్స్ వాటిని వంచితే ఇట్టే తెలిసిపోతుందని వాళ్ల శాస్త్రం.

"పోనీ ఫోన్లో తీసేయకూడదా?" అని భార్య ఒకసారి అడిగింది.

"ఫోన్లో తీసింది అరచేతిలో బాగుంటుంది. గోడకెక్కించే సరుకు కాదు" అన్నారాయన, తన ముందు అనరాని మాట అన్నట్టు.

శనివారం సాయంత్రం కెమెరా షాపు యజమాని ఈయన ప్రశ్నలకు విసిగి, రెండు జూమ్ లెన్సులు తీసి చేతిలో పెట్టాడు. ఒకటి పొట్టిది. జేబులో పడుతుంది గానీ పిట్ట దాకా వెళ్లదు. రెండోది పొడుగుది. పిట్ట దాకా వెళ్తుంది గానీ, మెడలో వేసుకుంటే దాని గొట్టం తనంతట తానే కిందికి జారి సాగుతుంది. "రెండూ తీసుకెళ్లి చూసుకోండి సార్. రేపు సాయంత్రానికి ఒకటి తెచ్చివ్వండి. దయచేసి రెండూ తెచ్చివ్వకండి" అన్నాడతను.

అందుకే ఆదివారం టిఫిను కాగానే ఆడిటరు గారు స్టాండు భుజాన వేసుకుని మెట్లు దిగసాగారు.

"ఎక్కడికండీ? కుర్చీలు పైన వేయించాను" అంది భార్య.

"ఏ లెన్సో తేలకుండా ఫోటో ఎలా తీస్తాం? ఎదురింటి గోడ మీద చూసి ఇలా వచ్చేస్తా."

"అదేదో అమ్మ ముఖం మీద చూడకూడదా?"

"ముఖంలో తిన్నని గీతలుండవు."

అత్తగారు తన చెంపలు ఒకసారి తడుముకున్నారు.

వీధి మొత్తానికి పూతా రంగూ లేని గోడ ఎదురింటి కాంట్రాక్టరుదే. ఎర్ర ఇటుకలు, వాటి మధ్య సన్నగా తీర్చిన సిమెంటు గీతలు. రెండేళ్ల కిందట పాత గోడ పడగొట్టించి ముచ్చటపడి కట్టించుకున్నాడు. కట్టేటప్పుడు గోడ ఒక అడుగు వీధిలోకి జరిగింది. గోడలకు కాళ్లుండవు గనుక జరిపింది ఆయనే. ఆ సంగతి ఆయనకూ, మేస్త్రీకీ, కాగితం మీద అంతా సక్రమమని సంతకం పెట్టిన మున్సిపాలిటీ ఇంజనీరుకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆడిటరు గారికైతే ఎదురుగా గోడ ఉందన్న విషయమే లెన్స్ కొనాలనుకున్నాక తెలిసింది.

కాంట్రాక్టరు మేడ మీద పళ్లు తోముకుంటూ కిందికి చూశాడు. ప్రభుత్వ ఆడిట్ ఆఫీసులో పనిచేసే మనిషి సెలవు రోజున పొద్దున్నే లేచి, మూడుకాళ్ల స్టాండు పెట్టుకుని, తన గోడ మూలలను ఒక్కొక్కటిగా ఫోటో తీస్తున్నాడు. ఆయన నోట్లో నురుగు అలాగే మింగేసి కిందికి పరుగెత్తాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. ఇక్కడ ఎవరూ అడగనైనా లేదు.

"ఏంటి సార్, పొద్దున్నే మా గోడ మీద పడ్డారు?"

"గోడ కాదండీ, లెన్స్ చూస్తున్నాను."

"లెన్స్ చూడ్డానికి గోడెందుకు సార్?"

"గీతలు వంగుతున్నాయేమో తెలియాలిగా. ఇటు రండి, ఈ పొట్టిదాంట్లో చూడండి. మీ గోడ నడుము దగ్గర కాస్త ఉబ్బినట్టు లేదూ? నిజానికి మీ గోడ తిన్నగానే ఉంది. వంకరంతా లెన్స్‌ది."

కాంట్రాక్టరు చూశాడు. తలూపాడు. ఒక్క ముక్క నమ్మలేదు. లెన్స్ బాగోగులు తెలుసుకోవడానికి పరాయివాడి గోడను ఫోటో తీసే మనిషి భూప్రపంచంలో ఉంటాడని ఆయన ముప్పై ఏళ్ల కాంట్రాక్టు అనుభవం ఒప్పుకోలేదు.

ఇంతలో ఆడిటరు గారు జేబులోంచి టేపు తీశారు. రెండు లెన్సులతోనూ ఒకే దూరం నుంచి తీస్తేనే పోలిక న్యాయంగా ఉంటుందని ఆయన పట్టింపు. "ఈ కొస గోడకి ఆనించి పట్టుకోండి" అని కాంట్రాక్టరు చేతికే ఇచ్చి, తను వెనక్కి నడిచి, రోడ్డు మీద సుద్దముక్కతో అడ్డంగా గీత గీశారు. తన కొంపను తన చేతే కొలిపిస్తున్నాడని కాంట్రాక్టరుకు చెమటలు పట్టాయి.

"సార్, మనం ఎదురుబొదురు వాళ్లం. చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు. ఏదైనా ఉంటే లోపల కూర్చుని కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం."

"కాఫీ తర్వాతండీ. ఎండ మారకముందే మూలలు పూర్తవ్వాలి."

కాంట్రాక్టరు టేపు వదిలేసి పక్కింటికి వెళ్లాడు. పక్కిల్లు పళ్ల డాక్టరమ్మది. కింద క్లినిక్, దానికి ఎక్కే మూడు మెట్లూ రోడ్డు మీదే ఉన్నాయి. "ఆడిట్ వాళ్లు వీధి కొలుస్తున్నారమ్మా. నా గోడ అయిపోతోంది. తర్వాత మీ మెట్లే" అన్నాడాయన. ఒక్కడే మునగడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

డాక్టరమ్మ తెల్లకోటు వేసుకుని మరీ వచ్చింది. "ఆడిటరు గారూ, పళ్లు ఒకసారి చూపించుకోవాలని అన్నట్టున్నారు. రండి, ఇప్పుడే చూసేస్తాను. ఫీజు మాట ఎత్తకండి."

"మంచి సమయానికి వచ్చారు. అలా గోడ పక్కన నిలబడండి. మనిషి ముఖం ఎలా వస్తుందో కూడా తెలిసిపోతుంది."

"నన్నెందుకండీ? ఆ గోడకీ నాకూ ఏ సంబంధమూ లేదు."

"ఒక్క నిమిషం. కొంచెం నవ్వండి."

ఆవిడ గోడకు వీపు ఆనించి, పోలీసు స్టేషన్‌లో నిలబెట్టిన మనిషిలా నిలబడింది. పళ్ల డాక్టరై ఉండి ఒక్క పన్ను బయటికి రానివ్వలేదు.

"ఏవండీ, అందరం రెడీ. అమ్మ కుర్చీలో కూర్చుని చాలాసేపయింది" అని భార్య పైనుంచి పిలిచింది.

"వస్తున్నా. పొట్టిది అయింది. పొడుగుది ఒక్కటే మిగిలింది."

కూర్చుని కూర్చుని విసిగి, పైన నలుగురూ లేచి పిట్టగోడ దగ్గరికి వచ్చారు. అత్తగారు కిందికి చూసి కూతుళ్లతో ఏదో అన్నారు. నలుగురూ ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వు ఆడిటరు గారికి వినబడింది గానీ, ఆయన అటు తిరగలేదు. అప్పుడాయన గోడ ఎడమవైపు పై మూలలో ఉన్నారు.

ఈలోగా కాంట్రాక్టరుకు ఒక ఆలోచన వచ్చింది. వాళ్లు మన గోడను తీస్తుంటే మనం వాళ్లను తీయాలి. తన గేటు ముందు నిలబడి, అద్దం పగిలిన ఫోన్ పైకెత్తి, వేధింపుకు సాక్ష్యంగా ఆడిటరు గారిని వరసగా తీయడం మొదలుపెట్టాడు. అంతటితో ఆగక లోపలికి వెళ్లి నీలం రంగు టార్పాలిన్ పట్టా ఒకటి తెచ్చి గోడంతా కప్పేశాడు.

"అదేంటండీ, కప్పేశారు? ఇంకా పని ఉంది" అన్నారు ఆడిటరు గారు నొచ్చుకుంటూ.

"మా గోడ, మా ఇష్టం."

"సరేలెండి, మెట్లయినా పర్వాలేదు. మెట్లకీ తిన్నని గీతలుంటాయి" అని ఆయన స్టాండు ఎత్తి డాక్టరమ్మ మెట్ల వైపు తిప్పారు.

అంతే. డాక్టరమ్మ ఒక్క అంగలో వెళ్లి పట్టా పట్టుకుని లాగింది. కాంట్రాక్టరు రెండో కొస పట్టుకున్నాడు.

"మీ గోడను కాపాడుకోవడానికి ఆయన్ని నా మెట్ల మీదికి తోస్తారా?" అందావిడ.

"మీ మెట్లు మూడూ రోడ్డువే. నా గోడ ఒక్క అడుగే" అన్నాడాయన.

ఇన్నాళ్లూ వీధికి తెలియని సంగతి ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. తలుపులు తెరుచుకున్నాయి, జనం వచ్చారు. వచ్చినవాళ్లలో సగం మందికి తమ అరుగు, తమ రేకుల షెడ్డు, తమ పూలకుండీలు గుర్తొచ్చాయి. కాంట్రాక్టరు పట్టా వదలకుండానే రెండో చేత్తో మున్సిపాలిటీ ఇంజనీరుకు ఫోన్ చేశాడు. "మీరు సంతకం పెట్టిన గోడ మీదికి ఆడిట్ వాళ్లను పంపి, మాట మాత్రమైనా చెప్పలేదేం సార్?" అని నిలదీశాడు. ఇంజనీరుకు అందులో గోడ వినబడలేదు. తన సంతకం, ఆడిట్, ఈ రెండే వినబడ్డాయి. ఆయన పని దినాల్లో కూడా అంత త్వరగా ఎక్కడికీ వెళ్లిన దాఖలాలు లేవు.

వస్తూనే ఆడిటరు గారికి రెండు చేతులూ జోడించాడు. "ఈ గోడ సంగతి నేనే తేల్చేద్దామనుకుంటున్నాను సార్. ఈలోగా మీరే వచ్చారు. ఆ ఫోటోలు ఇప్పించండి, ఈరోజే ఫైలు తెరుస్తాను."

"అవి లెన్స్ కోసం తీసినవండీ. గోడ గురించి నాకేం తెలియదు."

"అర్థమైంది సార్. మీ పేరు బయటికి రానివ్వను."

ఆడిటరు గారు ఇంకేదో చెప్పబోయేలోపు ఇంజనీరు కెమెరాలోంచి మెమరీ కార్డు తీసి కవర్లో వేసుకున్నాడు. తర్వాత వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా టేపు పట్టించాడు. తన నిజాయితీకి ఒక్క గోడ చాలదని ఆయనకు అనిపించింది.

ఆడిటరు గారు మేడ ఎక్కేసరికి భోజనాలు అయిపోవస్తున్నాయి. కెమెరా ఉంది, రెండు లెన్సులున్నాయి, కార్డు లేదు. సంచి కొన్న మనిషి, తుడుచుకునే గుడ్డ కొన్న మనిషి, రెండో కార్డు కొనలేదు. ఇంతలో వీధి మొదట్లో కార్లు హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి. కొలతల జనాన్ని దాటి లోపలికి రాలేమన్నారు డ్రైవర్లు. పెట్టెలు చేత్తో పట్టుకుని అందరూ హడావుడిగా దిగారు. అత్తగారూ పెద్దకూతురూ ఒక కారులో స్టేషన్‌కు, చిన్నది ఇంకో కారులో రేవుకు.

"అల్లుడుగారూ, గోడ బాగా వచ్చిందా?" అని అడిగారు అత్తగారు.

"వచ్చిందండీ."

"సంతోషం."

"పర్వాలేదులెండి బావగారూ. నేను ఓడ దిగేది మళ్లీ వచ్చే ఏడాదే. అప్పటికి లెన్స్ తేలిపోతుంది" అంది మరదలు.

పోనీ ఫోన్లోనైనా తీద్దామని ఆయన నోరు పెగిలేసరికి మొదటి కారు మలుపు తిరిగింది. భార్య పైకి వెళ్లి, వసారాలో వరసగా వేసిన నాలుగు కుర్చీలనూ ఒక్కొక్కటే లోపలికి మోసుకెళ్లింది. తిట్టినా బాగుండేది. తల్లి వయసు, చెల్లెలి ఓడ, అక్క హాస్టల్, ఇవన్నీ మళ్లీ ఒక రోజున కలిసి రావడం ఎంత కష్టమో ఆవిడకు తెలుసు. ఆయనకు అప్పుడు తెలిసింది. ఆయన సిగ్గుతో కుంగిపోయారు.

సాయంత్రం తలుపు చప్పుడైంది. కాంట్రాక్టరు లోపలికి వచ్చి నిలబడే మాట్లాడాడు. "గోడ అడుగు వెనక్కి కట్టాలని ఇంజనీరు నోటీసు ఇస్తాడట. ఇరుగుపొరుగువాణ్ని ఇలా ముంచుతారా సార్? నేనూ ఊరుకోను. పొద్దున్నుంచీ మీరేం చేశారో మొత్తం ఫోటోలున్నాయి నా దగ్గర. చూడమ్మా, మీవారి నిర్వాకం." ఇలా అని ఫోన్ భార్య చేతిలో పెట్టాడు.

ఆవిడ ఒకటొకటే జరుపుతూ పోయింది. ఒక చోట వేలు ఆగిపోయింది. ముందు రోడ్డు మీద ఆడిటరు గారు నడుం వంచి కెమెరాలోకి తల దూర్చి ఉన్నారు. ఆయన వెనక, మేడ మీద పిట్టగోడను ఆనుకుని నలుగురు ఉన్నారు. అత్తగారు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. పెద్దది తల్లి భుజం మీద వాలిపోయింది. చిన్నది కడుపు పట్టుకుంది. నడిమిది, ఎప్పుడూ ఏ ఫోటోలోనూ నవ్వని మనిషి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది. నలుగురికీ పూర్తి ముఖాలు పడ్డాయి. అందరి కళ్లూ తెరిచే ఉన్నాయి.

ఆవిడ కళ్లు తుడుచుకుని, "ఇది నాకు పంపండి" అంది.

కాంట్రాక్టరు దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడు. సాక్ష్యానికి భయపడ్డారని పట్టు బిగించాడు. "ఊరికే ఎలా పంపుతానమ్మా? మీవారు పొద్దున నాతో ఏమన్నారు? గోడ తిన్నగానే ఉంది, వంకరంతా లెన్స్‌దన్నారు. ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. ఫైలు తెరిచింది మీవారి ఫోటోల మీదే, అవి నమ్మదగినవి కావని తేలితే అది నిలబడదు."

ఆడిటరు గారు పొట్టి లెన్సును చేతిలోకి తీసుకున్నారు. ఎందుకంటే మధ్యాహ్నం భోజనం ముందు కూర్చుని, ఏమీ తినలేక, ఆయన చివరికి లెన్స్ తేల్చేశారు. పొట్టిదే. దాని వంకర నామమాత్రమని, అది తనకు సమ్మతమేనని బృందానికి కూడా చెప్పేశారు. అబద్ధం రాయమంటే ఎదురు తిరిగేవారు. రాయమంటున్నది నిజం.

"పొట్టిదాని వంకర చాలా తక్కువే. పట్టి చూస్తే తప్ప కనబడదు" అన్నారు భార్యతో మెల్లగా.

"రాయండి" అందావిడ.

ఉద్యోగంలో ఆయన ఎన్నో లెక్కలను తప్పుపట్టారు. మనసుపడ్డ వస్తువును తప్పుపట్టడం ఇదే మొదటిసారి. తాను పరీక్షించిన రెండు లెన్సులూ తిన్నని గీతలను వంచుతాయని, వాటితో తీసిన ఫోటోలను బట్టి ఏ గోడ ఎక్కడుందో చెప్పడం కుదరదని రాసి, కింద హోదాతో సహా సంతకం పెట్టారు. కాంట్రాక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఫోటో పంపాడు. మర్నాడు ఆ కాగితం చూసి అందరికంటే ఎక్కువ సంతోషించింది ఇంజనీరే. ఫైలు తెరిచిన చేత్తోనే మూసేశాడు. గోడ ఉన్నచోటే ఉంది, మెట్లు ఉన్నచోటే ఉన్నాయి.

లెన్సులు రెండూ షాపుకు వెళ్లిపోయాయి. వంకరదని చేతులారా సంతకం పెట్టిన వస్తువును కొనడానికి ఆడిటరు గారికి మనసొప్పలేదు. భార్య ఆ ఫోటోను ఉన్నదున్నట్టే పెద్దది చేయించి, చట్రం కట్టించి హాల్లో తగిలించింది. ఒక ప్రతి తల్లికి పంపితే, "చాలా బాగుందే. అల్లుడుగారి ముఖం కెమెరా వెనక దాక్కుంది, ఫోటోకి అదే అందం" అని ఆవిడ ఫోన్ చేసి చెప్పారు.

కిందటి వారం ఆడిటరు గారి పై అధికారి భోజనానికి వచ్చి, ఆ ఫోటో ముందు కదలకుండా నిలబడిపోయారు. "ఇంత సహజంగా ఎవరు తీశారమ్మా?" అని అడిగారు.

"ఎదురింటి కాంట్రాక్టరు గారండీ."

"మరి మీ ఆయన ఫోటోలు తీస్తారని ఆఫీసంతా చెప్పుకుంటారే?"

"తీస్తారండీ" అందావిడ కంచంలో కూర వడ్డిస్తూ. "గోడలు."